ఎనిమిది గజాల మాట

మొన్న ఆదివారం చర్చి అయ్యాక రాజమణి టీచరమ్మ మనవరాలు మా ఇంటికి వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చుని, ఫోను తీసి, "అమ్మమ్మా, సిగ్రిడ్ అని స్వీడన్ ఆమె యాదికున్నదా? పోయిందట" అంది. ఫోనులో ఒక ముసలామె బొమ్మ ఉంది. జుట్టు మగవాళ్ళలా కురచగా కత్తిరించుకుని, కుర్చీలో పక్కకు ఒరిగి కూర్చుంది. ముఖం చూసి నేను గుర్తుపట్టలేదు. మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు చూసి గుర్తుపట్టాను. "చదువు" అన్నాను. ఆ పిల్ల ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పింది. చిన్న వయసులోనే నాటకాల్లో చేరిందట, ఇరవై దాటగానే ఆ దేశమంతా తెలిసిన నటి అయిందట, నలభై దగ్గర పడ్డాక నటన విడిచి తానే సినిమాలు తీసిందట, ఆడవాళ్ళ పక్షాన తీసినందుకు కొందరు మెచ్చుకున్నారట, చాలామంది తిట్టారట. చివరన ఒక్క వాక్యం ఉంది. ఇండియాలో పత్తి పని చేసే ఆడవాళ్ళ మీద ఒక చిన్న సినిమా కూడా తీసింది అని. అంత బతుకూ వేలితో రెండుసార్లు జరిపితే అయిపోయింది.

అందులో ఒక తప్పుంది. ఆమె నటన విడవలేదు. నలభై నిండకముందే ఆమెను తల్లి పాత్రల కుర్చీలో కూర్చోబెట్టబోతే లేచి వచ్చింది. ఈ సంగతి ఆమె మా వంటింట్లో పీట మీద కూర్చుని చెబుతుంటే నేను విన్నాను. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. రాయడం అంటే నాకు సరుకుల చిట్టీ. కాగితం దండగ చేయడం నాకు ఇష్టం ఉండదు. అయినా ఆ నాలుగు వాక్యాలు విన్నాక, నాకు తెలిసింది నేను రాసి పెట్టాలనిపించింది. తప్పులు మా మనవరాలు దిద్దుతుంది.

ఆదిలాబాద్ ఊరి చివర మిషన్ బంగళా ఉండేది. టేకు దూలాలు, పొడుగాటి వరండా, లోపల ఎప్పుడూ చెమ్మ పట్టిన పుస్తకాల వాసన. చలికాలం వస్తే పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు నుంచి దూది పోగులు గాలికి కొట్టుకొచ్చి కిటికీ జాలీలకు, మా కనురెప్పలకు అంటుకునేవి. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆ బంగళాకు మా బాపు దేవదానం బాబర్చీ. బాబర్చీ అంటే పేరుకు. అంతకు ముందు నీళ్ళు మోసేవాడు. పాత వంటవాడు పని మానుకుని పోయినప్పుడు పాదిరి దొర "నీకు వంట వచ్చా?" అని అడిగితే, "వచ్చు" అన్నాడట. వచ్చింది మా అవ్వకు. వంటిల్లు బంగళా వెనుక నలభై అడుగుల దూరంలో విడిగా ఉండేది. దొరలు గానీ దొరసానులు గానీ ఎవరూ అటు వచ్చేవారు కాదు. అవ్వ పొగలో కూర్చుని సూపు, కట్లెట్, కస్టర్డు అన్నీ చేసేది. బాపు తెల్లకోటు వేసుకుని పళ్ళెం మోసుకుపోయేవాడు. బాగుంది అంటే తల వంచి సలాం చేసేవాడు. కోటు ఉతికేది కూడా అవ్వే.

అవ్వ పొదుపు గురించి చెప్పకపోతే నా గురించి చెప్పనట్టే. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చేది. దొరలు తాగిన టీ ఆకును ఎండబెట్టి మాకు మళ్ళీ కాచేది. కట్లెట్ వేయించిన నూనెను బట్టలో వడగట్టి మూడు రోజులు వాడేది. గోనెసంచి విప్పితే ఆ దారం ఉండ చుట్టి గూట్లో పెట్టేది. మాట కూడా అంతే. రోజుకు ఇన్ని అని పెట్టుకున్నట్టు మాట్లాడేది. నాకు పదహారేళ్ళు వచ్చేసరికి నేనూ అలాగే తయారయ్యాను. కూరగాయల తొక్క పారేస్తే నాకు ఇప్పటికీ చేయి గుంజినట్టు ఉంటుంది.

బాపు చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు. గొంతు మంచిది, పాట ఎత్తుకునేది ఆయనే. బయటివాళ్ళకు బాపు అంటే ఎంతో మర్యాద. ఇంటి సంగతి వేరు. బంగళా భోజనంలో ఉప్పు ఎక్కువైందని ఒక మాట వస్తే, తెల్లకోటు విప్పి కొయ్యకు తగిలించి, మా గదిలో రేడియో పెద్దగా పెట్టేవాడు. తరువాత నడుముకున్న బెల్టు తీసేవాడు. రేడియో పెట్టేది వినడానికి కాదు. పక్క క్వార్టర్లలో ఉన్న తోటమాలి వాళ్ళకు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు అవ్వ గొంతు వినిపించకుండా. అవ్వ అసలు అరిచేదే కాదు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ పట్టలేదు.

అలాంటి రోజుల్లో, చలి మొదలయ్యాక, సిగ్రిడమ్మ వచ్చింది. వెంట లార్స్ అనే పొడుగాటి కెమెరా మనిషి. పత్తి ఏరే ఆడవాళ్ళ మీద, మిల్లులో పనిచేసే ఆడవాళ్ళ మీద తన దేశపు టీవీ కోసం సినిమా తీయడానికి వచ్చింది. ఇంగ్లీషు తెలిసిన మనిషి కావాలంటే మిషన్ బడి నుంచి రాజమణి టీచరమ్మను తోడు ఇచ్చారు. మొదటి రోజే సిగ్రిడమ్మ పని చెడింది. సినిమా తీస్తారని తెలిసి మిల్లు ఆడవాళ్ళంతా పెళ్ళి చీరలు కట్టుకుని, తలకు నూనె పెట్టి, పూలు పెట్టుకుని వచ్చారు. మిల్లు మేస్త్రీ నేల ఊడ్పించి, దూది పోగు కనపడకుండా చేసి, నీళ్ళు కూడా చల్లించాడు. టీచరమ్మ ఎంత చెప్పినా, "పాత చీరల ఫొటో దిగుతరా ఎవలన్న? మాకు ఇజ్జత్ లేదా?" అని ఒక్కరూ కదలలేదు. సిగ్రిడమ్మ కోప్పడలేదు. ఆ రోజంతా కెమెరా బయటికి తీయకుండా, వాళ్ళ మధ్య కూర్చుని చేతికి వచ్చినట్టు పత్తిలో ఆకు ఏరింది. మర్నాడూ అంతే. మూడో రోజుకు ఆడవాళ్ళకు విసుగొచ్చి మామూలు చీరల్లో వచ్చారు.

ఫిల్ము విషయంలో ఆమె మా అవ్వ లాంటిదే. మిగిలిన చిన్న చిన్న ముక్కలను కూడా డబ్బాలో పెట్టి, ఎంత పొడుగుందో పైన రాసుకునేది. లార్స్ ఊరికే కెమెరా తిప్పబోతే చేయి అడ్డం పెట్టేది. నాకు ఆమె మీద మొదట గౌరవం కలిగింది అందుకే.

రెండో రోజు పొద్దున వేడినీళ్ళ కోసం ఆమె తానే నడుచుకుంటూ వంటింటికి వచ్చేసింది. అవ్వ గబగబా లేచి కొంగు కప్పుకుంది. సిగ్రిడమ్మ పొయ్యి మీది గిన్నెలు చూసింది, అవ్వ చేతులు చూసింది, అక్కడే పీట లాక్కుని కూర్చుంది. టీచరమ్మను పిలిపించి అడిగింది, "నిన్న రాత్రి ఆ పులుసు చేసింది ఎవరు?" అవ్వ నేల చూపులు చూస్తూ, "ఆయననే" అంది. సిగ్రిడమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి పని నుంచి రాగానే నేరుగా వంటింటికే వచ్చేది. బాపుకు ఇది బొత్తిగా నచ్చలేదు. "మేమ్‌సాబ్, ఇక్కడ పొగ. అక్కడ కుర్చీ" అనేవాడు. ఆమె కదిలేది కాదు.

ఆ పీట మీద కూర్చునే తన సంగతి చెప్పింది. ఓడరేవు ఊళ్ళో పుట్టిందట. తల్లి చేపల షెడ్డులో పనిచేసేదట. అందంగా ఉందని, గొంతు బాగుందని నాటకాల బడిలో తీసుకున్నారట. తరువాత సినిమాలు. "ఏం చేసేదానివి సినిమాల్లో?" అని నేను అడిగాను. మా చర్చి సంఘంలో టాకీసుకు పోవడం పాపం, నేను ఒక్క సినిమా చూడలేదు. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. "కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూడటం. ఏడవటం. ముద్దు పెట్టించుకోవటం. చచ్చిపోవటం. తొమ్మిదిసార్లు చచ్చిపోయాను." టీచరమ్మ ముద్దు మాట దగ్గర దగ్గి, మిగతాది చెప్పింది. అవ్వ ఉల్లిగడ్డ కోస్తూ, "తొమ్మిదిసార్లు సచ్చినా ఒక్కసారి అన్నం వండలేదా?" అంది. సిగ్రిడమ్మ పడి పడి నవ్వింది. లేదట, ఏ సినిమాలోనూ తన చేత పని చేయించలేదట. ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, ఎప్పుడు నోరు తెరవాలో అన్నీ మగవాళ్ళే చెప్పేవారట. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు, తనకంటే మూడేళ్ళు చిన్నవాడైన నటుడికి తల్లిగా వేయమన్నారట. ఆ రోజు కుర్చీలోంచి లేచి, "కెమెరా నాకివ్వండి" అందట. గది మొత్తం నవ్విందట. మొదటి సినిమాకు తల్లి పనిచేసిన చేపల షెడ్డునే తీసుకుందట. చేపలు కోసే తోడికోడళ్ళు ముగ్గురి కథ. ఒకామె కాన్పు చూపించిందని మగవాళ్ళు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. పేపర్లవాళ్ళు సినిమా సంగతి వదిలేసి, ఈమె చొక్కా గురించీ జుట్టు గురించీ రాశారట. తరువాత చాలా ఏళ్ళు ఆమెను నమ్మి పెద్ద సినిమా ఎవరూ ఇవ్వలేదు. అందుకే ఇలా దేశాలు తిరుగుతూ చిన్నవి తీసుకుంటోంది. "పరేషాన్ కాలేదా?" అని అవ్వ అడిగింది. "అయ్యాను. కానీ ఎక్కడ నిలబడాలో నాకు ఎవరూ చెప్పడం లేదు" అంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మిషన్ వాళ్ళు బడిలో తెల్లగుడ్డ కట్టి బైబిలు సినిమా చూపించేవారు. అవి మాటలు లేని బొమ్మలు. తెర పక్కన నిలబడి పాదిరి దొరో, మా బాపో కథ చెప్పేవారు. మోషే మాట, ఫరో మాట అన్నీ బాపు గొంతుతోనే విన్నాను నేను. అందుకని కెమెరా ముఖం మాత్రమే తీసుకుంటుందని, మాట తరువాత ఎవరో పక్కన నిలబడి చెబుతారని నా నమ్మకం. సిగ్రిడమ్మ భుజానికి తోలు పెట్టె వేసుకుని, అందులో చక్రాలు తిరుగుతుంటే చెవులకు డొప్పలు పెట్టుకునేది. అది రేడియో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బాపు బజారుకు పోయాడు. సిగ్రిడమ్మ వంటింట్లో కెమెరా పెట్టించింది. అవ్వ వెనుక కూర్చుని రొట్టెలకు పిండి పిసుకుతోంది, నేను ముందు కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. "నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు" అని టీచరమ్మ చేత అడిగించింది. నేను చెప్పాను. బొమ్మే కదా అని ఏమీ దాచకుండా చెప్పాను. "మా బాపు బాబర్చీ. వంట మా అవ్వ చేస్తది. కూర మంచిగుంటె బాపు సలాం కొడ్తడు. ఉప్పెక్కువైతె రేడియో గట్టిగ వెట్టి అవ్వను బెల్టుతోని కొడ్తడు. రేడియో బందయినంక అవ్వ లేచి పొద్దటికి పిండి నానవెడ్తది. నాకు పాటలంటె ఇష్టం లేదు." ఇంకా ఏవో రెండు మాటలు. వెనుక పిండి పిసికే చప్పుడు ఆగిపోయింది. టీచరమ్మ తల వంచుకుని, అక్షరం పోకుండా ఇంగ్లీషులో చెప్పింది. సిగ్రిడమ్మ నాకు మేలు చేస్తున్నాననుకుని, పెట్టె చక్రాలు వెనక్కి తిప్పి డొప్పలు నా చెవులకు పెట్టింది. అందులో నేనే. నా గొంతే. "రేడియో గట్టిగ వెట్టి" అని.

నేను డొప్పలు తీసి కింద పెట్టి, చాటలో బియ్యం అలాగే వదిలేసి బయటికి వచ్చేశాను. బియ్యం వదిలేసి లేవడం నా జన్మలో అదొక్కసారే. సాయంత్రం గిన్నెలు తోముతూ అవ్వ, "టాకీసులల్ల బొమ్మలు మాట్లాడుతయట బిడ్డా. నీకెవలు చెప్పలేదా?" అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు సిగ్రిడమ్మ సంఘం ముందు నిలబడి, వచ్చే ఏడు సినిమాతో వస్తానని, మొట్టమొదట మీకే చూపిస్తానని మాట ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా బాపు కొట్టాడు. ఆ ఏడాది నేను ఎలా గడిపానో నాకే తెలుసు. ఆ మాట సంఘమంతా వింటే బాపు బాబర్చీ పని పోతుంది, పనితో పాటు ఉన్న గది పోతుంది. పోయిన దానికి అవ్వ వీపు బదులు చెప్పాలి. మాట్లాడింది నేను, దెబ్బలు అవ్వకు. బాపు అయితే ఉబ్బిపోయి, దారిన పోయేవాళ్ళను పిలిచి, "మా ఇల్లు సినిమాల వడ్డది" అని చెప్పుకునేవాడు.

చెప్పినట్టే వచ్చింది. రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం పూట బడి పెద్దగదిలో ఆట. కిటికీలకు గోనెసంచులు కట్టారు. మాట్లాడే బొమ్మలకు వేరే మిషను కావాలని ఎక్కడి నుంచో జీపులో తెప్పించారు. అది దించుతుంటే నేను చూశాను. ఆటకు ముందు రోజు పొద్దున్నే టీచరమ్మను వెంటబెట్టుకుని బంగళాలోకి, అదీ ముందు తలుపు నుంచి, మొదటిసారి వెళ్ళాను. "నా మాట తీసెయ్యమని చెప్పు టీచరమ్మా. కాళ్ళు మొక్కుత" అన్నాను.

సిగ్రిడమ్మ ముఖం ఎర్రబడింది. లేచి వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. నా సినిమాల్లో మగవాళ్ళు ఎన్ని మాటలు కోశారో నీకు తెలియదు అంది. ఆడవాళ్ళు నోరు తెరవాలనే ఈ పని పెట్టుకున్నాను, ఇప్పుడు నువ్వే కోయమంటున్నావు అంది. మా గది, మా అవ్వ, అంతే నా దగ్గరున్న జవాబు. అదే చెప్పాను. ఆమె కూర్చుంది. అప్పుడు వేరే సంగతి చెప్పింది. ఇరవై ఏళ్ళప్పుడు ఒక సినిమాలో తనకు సరిగ్గా ఏడుపు రాలేదట. అప్పుడు ఆ దర్శకుడు ఒక మనిషిని పంపి, మీ అమ్మ చనిపోయింది అని చెప్పించాడట. కెమెరా తిరుగుతూనే ఉందట. అయిపోయాక, అబద్ధం, మీ అమ్మ బాగానే ఉంది అని భుజం తట్టాడట. ఆ ఏడుపుకే ఆమెకు పేరొచ్చింది. "ఆ ఏడుపు నాది. నన్ను అడగకుండా తీసుకున్నారు. ఈ రోజుకూ ఆ సినిమా చూడలేను" అంది. తరువాత నా వైపు తిరిగి, "నిన్నూ నేను సరిగ్గా అడగలేదు. మాట్లాడించక ముందే డొప్పలు పెట్టి వినిపించాల్సింది" అంది.

భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, ఫిల్ము చుట్ట విప్పింది. ఒక అంచున వరసగా చిల్లులు, ఇంకో అంచున నల్లటి దారిలో సన్నటి తెల్లగీత, గాలికి ఊగే దారంలా వంకరలు పోతూ. ఆ గీతే మాట అట. బొమ్మకు సరిగ్గా పక్కన ఉండదట, ఇరవై ఆరు బొమ్మలు ముందుకు ఉంటుందట. భూతద్దం పెట్టుకుని లెక్కపెట్టి, మొదలు ఎక్కడో చివర ఎక్కడో గుర్తు పెట్టింది. ఆ బల్ల రెండు గజాలని నాకు తెలుసు, దాని గుడ్డ కుట్టింది అవ్వే. నా మాట నాలుగు బల్లల పొడుగు వచ్చింది. "ఎనిమిది గజాలు. మా అవ్వ కట్టే గోచీ చీరంత" అన్నాను. టీచరమ్మ చెప్పగానే ఆమె ఆగి, ఆ గీతను కాసేపు చూసింది. సీసాలో నల్ల సిరా, సన్నటి కుంచె. గీతను మూసుకుంటూ పోయింది. సగం దాకా వచ్చాక కుంచె ఆపి అడిగింది. "మా దేశంలో మీ బాపు ఎవరికీ తెలియదు. అక్కడి కాపీలో నీ మాట ఉండనివ్వనా? వద్దంటే అక్కడా తీసేస్తాను." ఆమె నన్ను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అది. "ఆడ ఉండనియ్యి" అన్నాను.

మర్నాడు గది కిక్కిరిసింది. బాపు ఇస్త్రీ చేసిన చొక్కాతో ముందు బెంచీలో, పక్కన అవ్వ, అవ్వ పక్కన నేను. పత్తి చేలు వచ్చాయి, మిల్లు వచ్చింది, ఆడవాళ్ళు తమను తాము చూసుకుని ఒకరినొకరు గిల్లుకున్నారు. "సూడుండ్రి, నా ముక్కు" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. తరువాత మా వంటిల్లు. నేను చాట పట్టుకుని కూర్చున్నాను, వెనుక అవ్వ. నా నోరు కదిలింది. మాట లేదు. మిషను తిరిగే టకటక తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదు. నా నోరు కదులుతూనే ఉంది. ఒక చీర పొడుగు ఎంతసేపుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

బాపు మెడ తిప్పి, "ఏందే, గీ పోరి నోరు కదులుతుంది, మాట రాదేంది?" అన్నాడు.

అవ్వ తెర మీది నుంచి చూపు తీయలేదు. "మాట్లాడుతనే ఉన్నది. నీకే ఇనపడత లేదు" అంది. మెల్లగా కాదు, వెనుక రెండు బెంచీలకు వినపడేటట్టు.

బాపు మళ్ళీ తెర వైపు తిరిగాడు. అప్పుడు ఆయన చూసింది నన్ను కాదు. నా వెనుక పిండి పిసుకుతున్న అవ్వ చేతులు ఉన్నట్టుండి ఆగిపోవడం చూశాడు. అవి అలాగే పిండిలో ఉండిపోవడం చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు.

ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "ఏం చెప్పినవే?" అన్నాడు. "వంట ముచ్చట" అన్నాను. టీచరమ్మను అడిగాడు. "నాకు యాదికి లేదు దేవదానం" అంది ఆమె, పాఠం మొత్తం ఒప్పజెప్పగల మనిషి. ధైర్యం చేసి సిగ్రిడమ్మనే అడిగాడు. "అది ఆమె మాట. ఆమెనే అడుగు" అని జవాబు వచ్చింది. ఆ సాయంత్రం తలుపు చప్పుడైన ప్రతిసారీ నేను అవ్వ వైపు చూశాను. ఏమీ కాలేదు. వారం తరువాత ఒకసారి రేడియో గట్టిగా మోగింది. నేను బయట గిన్నెలు పట్టుకుని నిలబడిపోయాను. కొద్దిసేపటికి ఆయనే లేచి చిన్నగా చేశాడు. ఆ తరువాత ఇంకెప్పుడూ అంత గట్టిగా మోగలేదు.

మంచివాడైపోయాడని నేను రాయను. భయపడ్డాడు. నేను ఏం చెప్పానో వినివుంటే, పని పోయేది, ఆ కోపం అవ్వ మీద తీర్చుకునేవాడు. వినకపోయేసరికి తాను చేసినవన్నీ తానే తలచుకోవాల్సి వచ్చింది. బంగళాలో ఏ కొత్త దొర వచ్చినా, వీళ్ళ దేశంలో ఈ సినిమా చూసే వచ్చాడేమో అని ముఖం వెతికేవాడు. ఎవరైనా అడుగుతారేమోనని వంటింట్లో పీట వేసుకుని, పులుసు ఎలా పెడతారో అవ్వను అడిగి నేర్చుకున్నాడు. మొదటి నెల మాడ్చిందంతా మేమే తిన్నాం. పారేయలేదు. సిగ్రిడమ్మ టీచరమ్మకు రాసిన ఉత్తరంలో నాకో కబురు ఉంది. వాళ్ళ ఊళ్ళో సినిమా చూపించినప్పుడు, కింద అక్షరాలతో నా మాట వచ్చినప్పుడు, ఓడ కెప్టెన్ భార్య ఒకామె లేచి, "మా ఇంట్లో కూడా రేడియో ఉండేది" అని చెప్పి కూర్చుందట. నేను ఆ రోజు బియ్యం చెరుగుతూ చాలా తేలికగా ఊపిరి తీసుకున్నాను.

ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. మా మనవరాళ్ళు అన్నం తింటూ మాట్లాడతారు, మాట్లాడింది అందరికీ పంపిస్తారు, సాయంత్రానికి మరిచిపోతారు. తండ్రి ముఖం మీదే, "నువ్వు తప్పు డాడీ" అంటారు. నేను గద్దిస్తాను, అలవాటు కొద్దీ. లోపల మాత్రం వాళ్ళను చూస్తే నాకు కాళ్ళు చాపుకుని కూర్చున్నంత సుఖం. వాళ్ళు మాటలు దండగ చేసుకోగలరు. మా అవ్వకు, నాకు ఆ వీలు లేకపోయింది.

నాకు బోథ్ ఊరి వైపు పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఒకసారి అవ్వ వాళ్ళింటికి వెళ్ళాను. బాపు పని నుంచి దిగిపోయాడు. అవ్వకు మోకాళ్ళు పట్టేసి లోపలి గదిలో పడుకునే ఉంటుంది, వంట బాపుదే. పొయ్యి దగ్గర ఉన్నాడు. కళ్ళకు పొర వచ్చి గిన్నె అంచు తడుముకుంటున్నాడు.

"సుగుణా, ఒక్క ముచ్చట అడుగుత. నిజం చెప్పాలె. గా సినిమాల ఏమన్నవ్?"

"గిప్పుడెందుకు బాపు?"

"కండ్లు ఎట్లాగూ పోతున్నయి. చెవులున్నప్పుడన్న ఇననియ్యి."

చెప్పాను. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు. సలాము, ఉప్పు, రేడియో, బెల్టు, పొద్దటికి నానబెట్టిన పిండి. ఆయన గరిటె పట్టుకుని కదలకుండా విన్నాడు. అయిపోయాక కూడా ఇంకా ఉందేమోనని చూశాడు.

"గంతేనా?" అన్నాడు.

"గంతె."

"ఇంక శాన చెప్పినవనుకున్న. గాది చెప్పిందో, గీది చెప్పిందో అని గిన్నేండ్లు నాకు నిద్ర వట్టలే."

"ఇంకేమున్నయి బాపు, చెప్పనీకి?"

ఆయన పొయ్యి వైపు తిరిగాడు. లోపలి గదిలోంచి అవ్వ గొంతు వచ్చింది, ఎప్పటిలాగే తక్కువ మాటలతో.

"ఉన్నయి బిడ్డా. గవి ఆయన దగ్గర్నే ఉండనియ్యి."